ఫర్మ్‌వేర్ బూటు ఇమేజి నిర్మాణం, ఎమ్యులేటర్ పరీక్ష: స్క్రిప్టు పాత్ర - ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

కంప్యూటరుకు విద్యుత్తు అందిన వెంటనే మొట్టమొదట పనిచేసే ప్రోగ్రాము ఫర్మ్‌వేర్. ఇందులో దోషం ఉంటే యంత్రం మేల్కొనదు. మేల్కొనని యంత్రం తన దోషాన్ని తాను దిద్దుకోలేదు. అందువల్ల కొత్త ఫర్మ్‌వేర్‌ను చిప్పులోకి ఎక్కించే ముందు ఎమ్యులేటర్‌లో పరీక్షించడం ఆనవాయితీ. అయితే పరీక్ష ఫలితం నమ్మదగినది కావాలంటే, పరీక్షకు నిలిచిన ఇమేజి ఏ ఆధారాల నుంచి, ఏ పనిముట్లతో, ఏ క్రమంలో తయారైందో నిర్ద్వంద్వంగా తెలియాలి. ఆ క్రమాన్ని లిఖితరూపంలో నిలిపేది నిర్మాణ స్క్రిప్టు. కోర్‌బూట్ ఫర్మ్‌వేర్‌ను, క్యూఎము ఎమ్యులేటర్‌ను ఉదాహరణలుగా తీసుకొని, స్క్రిప్టు నిర్మాణ దశలను, పరీక్షలో ఎదురయ్యే తప్పుడు విజయాలను, వాటిని నివారించే పద్ధతులను వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: ఫర్మ్‌వేర్, బూటు ఇమేజి, ఎమ్యులేటర్, నిర్మాణ స్క్రిప్టు, కోర్‌బూట్, క్యూఎము, పునర్నిర్మాణ యోగ్యత.

1. ఉపోద్ఘాతం

సాధారణ ప్రోగ్రాములో తప్పు దొర్లితే దాన్ని మూసివేసి, సరిదిద్ది, మళ్లీ నడపవచ్చు. ఫర్మ్‌వేర్ విషయంలో ఈ సౌలభ్యం లేదు. అది మదరుబోర్డు మీది ఫ్లాష్ చిప్పులో ఉంటుంది. ప్రాసెసరుకు తొలి ఆదేశాన్ని ఇచ్చేదీ, జ్ఞాపకాన్ని (ర్యామ్‌ను) సిద్ధం చేసేదీ, డిస్కు మీది ఆపరేటింగ్ సిస్టమ్‌కు పగ్గాలు అందించేదీ అదే. దాని స్థానంలో పనికిరాని బైట్లు చేరితే తెర వెలగదు, కీబోర్డు పలకదు. అప్పుడు మదరుబోర్డు విప్పి, చిప్పుకు క్లిప్పు తగిలించి, మరో కంప్యూటరు సాయంతో పాత ఇమేజిని తిరిగి రాయవలసి వస్తుంది. ఆ పరికరం, నైపుణ్యం లేనివారికి ఆ బోర్డు వృథా అయినట్టే.

ఈ ప్రమాదం ఎంతటిదో 1998లో వెలుగుచూసిన సీఐహెచ్ వైరస్ లోకానికి చూపింది. 1999 ఏప్రిల్ 26న అది అనేక కంప్యూటర్లలో క్రియాశీలమై, డిస్కు తొలిభాగాన్ని చెరిపివేయడంతోపాటు, కొన్ని రకాల మదరుబోర్డులపై ఫ్లాష్ చిప్పులోని బయోస్‌ను కూడా పాడుచేసింది. అది దురుద్దేశంతో జరిగిన పని. సదుద్దేశంతో, కానీ అజాగ్రత్తగా తయారైన ఇమేజిని ఎక్కించినా యంత్రానికి పట్టే గతి అదే.

అందుకే పరీక్ష ముందు, ఎక్కింపు తరువాత. ఫాబ్రిస్ బెలార్డ్ ప్రారంభించగా 2003లో తొలిసారి విడుదలైన క్యూఎము, ఒక కంప్యూటరులోపల మరో కంప్యూటరును ప్రోగ్రాము రూపంలో సృష్టిస్తుంది. అందులో ఎన్ని ఇమేజిలు విఫలమైనా నష్టపోయే చిప్పు లేదు. కోర్‌బూట్ అనే స్వేచ్ఛా ఫర్మ్‌వేర్ 1999లో రాన్ మిన్నిచ్ చొరవతో అమెరికాలోని లాస్ అలమాస్ జాతీయ ప్రయోగశాలలో లినక్స్‌బయోస్ పేరుతో మొదలై, 2008లో ప్రస్తుత నామాన్ని పొందింది. క్యూఎము సృష్టించే ‘క్యూ35’ తరహా బోర్డుకు తగిన ఇమేజిని కూడా కోర్‌బూట్ నిర్మించగలదు. కాబట్టి ఈ రెండూ పరస్పరం సరిపోయే ఉదాహరణలు.

2. బూటు ఇమేజి స్వరూపం

‘ఇమేజి’ అంటే ఇక్కడ చిత్రం కాదు. చిప్పులో గాని, డిస్కులో గాని మొదటి బైటు నుంచి చివరి బైటు వరకు ఏముండాలో యథాతథంగా నిలిపిన ఫైలు. ఈ పరీక్షలో రెండు ఇమేజిలు అవసరం. మొదటిది ఫర్మ్‌వేర్ ఇమేజి. రెండవది, ఆ ఫర్మ్‌వేర్ చదివి నడపవలసిన చిన్న పరీక్షా డిస్కు ఇమేజి.

2.1. ఫర్మ్‌వేర్ ఇమేజి: దీని పరిమాణం చిప్పు పరిమాణంతో బైటు బైటుకూ సరిపోవాలి. చిప్పు 4 మెగాబైట్లదైతే ఫైలు 4,194,304 బైట్లు ఉండాలి. ఇంటెల్ తరహా 32 బిట్ల ప్రాసెసర్లు, వాటి తరువాతివి మేల్కొన్నప్పుడు తొలి ఆదేశాన్ని 4 గిగాబైట్ల హద్దుకు 16 బైట్లు దిగువన వెతుకుతాయి. ఇమేజి చివరి అంచు ఆ హద్దుకు ఆనుకొని అమరుతుంది. అంటే ప్రాసెసరు చదివే మొదటి ఆదేశం ఫైలులోని చివరి 16 బైట్లలో ఉంటుంది. ఈ గ్రంథాన్ని ప్రాసెసరు ఆఖరి పుట నుంచి తెరుస్తుందన్నమాట. ఈ సంగతి మరచి, పరిమాణం చాలని ఇమేజికి చివర ఖాళీ బైట్లు చేర్చితే ఫైలు కొలత సరిపోతుంది గాని, తొలి ఆదేశం తన చోటు నుంచి కిందికి జరిగిపోతుంది. ఖాళీని ముందువైపు నింపాలి.

2.2. డిస్కు ఇమేజి: పాత బయోస్ సంప్రదాయం ప్రకారం డిస్కులోని మొదటి 512 బైట్లు జ్ఞాపకంలో 31,744వ చిరునామాకు చేరి, అక్కడి నుంచి నడుస్తాయి. వీటిలో తొలి 446 బైట్లు ప్రోగ్రామువి; తరువాతి 64 బైట్లు విభాగాల పట్టికవి; చివరి రెండు బైట్లు గుర్తు. సున్నా నుంచి లెక్కిస్తే 510వ బైటులో 85, 511వ బైటులో 170 అనే సంఖ్యలు ఉండాలి. ఈ గుర్తు లేని హార్డుడిస్కును కోర్‌బూట్‌తో జతగా వాడే సీబయోస్ బూటు డిస్కుగా అంగీకరించదు.

3. చేతితో చేసే నిర్మాణం - చిక్కులు

ఈ ఇమేజిలను ఆదేశాలు ఒక్కొక్కటిగా టైపు చేసి కూడా నిర్మించవచ్చు. తొలిసారి నేర్చుకునేవారు అలాగే చేస్తారు. ఇబ్బంది రెండవసారి మొదలవుతుంది. పదిహేను ఆదేశాలలో ఒకటి మరచిపోవడం, క్రమం తారుమారు కావడం, నిన్నటి ఫైలు నేటి సంచయంలో మిగిలిపోవడం సహజం. డిస్కు ఇమేజిలో మొదటి సెక్టారు రాసే ‘డీడీ’ ఆదేశాన్ని ఉదాహరణగా తీసుకోవచ్చు. ఉన్న ఫైలును కత్తిరించవద్దనే సూచన ఇవ్వకపోతే, అది 16 మెగాబైట్ల ఇమేజిని 512 బైట్లకు కుదించివేస్తుంది. ఏ హెచ్చరికా చేయదు. పని సక్రమంగా ముగిసిందనే చెబుతుంది.

ఇంతకన్నా ప్రమాదకరమైనది తప్పుడు విజయం. మూలంలో మార్పు చేశాక నిర్మాణం మధ్యలో విఫలమైందని అనుకుందాం. నిర్మాణ సంచయంలో నిన్నటి ఇమేజి అలాగే ఉంటుంది. ఎమ్యులేటర్ దానినే తెరుస్తుంది. నిన్నటి ఇమేజి చక్కగా నడుస్తుంది. పరీక్షించినవారు నేటి మార్పు నెగ్గిందని నమ్ముతారు. విఫలమైన పరీక్ష ఒక గంట వృథా చేస్తుంది. నెగ్గినట్టు కనిపించిన పరీక్ష ఒక బోర్డును బలి తీసుకుంటుంది. కాబట్టి స్క్రిప్టు ప్రయోజనాన్ని శ్రమ తగ్గింపుగా మాత్రమే చూడడం చాలదు. తప్పుడు విజయానికి తావు లేకుండా చేయడమే దాని ప్రధాన ధర్మం.

4. స్క్రిప్టు నిర్మాణ దశలు

4.1. ఆధారాల స్థిరీకరణ: కోర్‌బూట్ మూలం గిట్ భాండారంలో ఉంటుంది. ‘తాజా మూలం తీసుకో’ అని స్క్రిప్టులో రాస్తే ఈ రోజు తీసుకున్నదీ రేపు తీసుకున్నదీ ఒకటి కావు. అందుచేత గిట్‌లోని ప్రతి మార్పుకూ ఉండే పూర్తి గుర్తింపు సంఖ్యనే స్క్రిప్టులో నమోదు చేయాలి. సీబయోస్‌కూ ఇదే వర్తిస్తుంది. కోర్‌బూట్ అమరికలో సీబయోస్‌ను ‘మాస్టర్’ శాఖ నుంచి తెచ్చుకునే ఎంపిక ఉంది. అది పరీక్షకు పనికిరాదు. ఆ శాఖ కదులుతూ ఉంటుంది. బోర్డు రకం, చిప్పు పరిమాణం, జతచేయవలసిన ప్రోగ్రాము మొదలైన ఎంపికలను మెనూలో ప్రతిసారీ చేతితో గుర్తించకుండా, ఒక అమరిక ఫైలుగా భద్రపరచి స్క్రిప్టుతోపాటు ఉంచాలి.

4.2. పనిముట్ల స్థిరీకరణ: ఒకే మూలాన్ని రెండు వేర్వేరు కంపైలర్లు రెండు రకాల బైట్లుగా మారుస్తాయి. ఈ కారణంగానే కోర్‌బూట్ తన కంపైలరును తానే నిర్మించుకునే ఏర్పాటు చేసుకుంది. ఆ కంపైలరు మూలాలను దిగుమతి చేసుకున్నప్పుడు వాటి సరిచూపు సంఖ్యలను కూడా తనిఖీ చేస్తుంది. ఈ నిర్మాణానికి చాలా సమయం పడుతుంది కనుక, స్క్రిప్టు దానిని ఒకసారి నిర్మించి, వేరుగా నిలవ ఉంచి, తరువాత వాడుకోవడం ఉచితం.

4.3. శూన్యం నుంచి కూర్పు: ప్రతి నిర్మాణమూ కొత్త ఖాళీ సంచయంలో మొదలుకావాలి. ఇమేజికి మొదట తాత్కాలిక నామం ఉండాలి. పరిమాణం సరిపోయిందా, డిస్కు ఇమేజిలో గుర్తు బైట్లు ఉన్నాయా, ఫర్మ్‌వేర్ ఇమేజిలో కావలసిన భాగాలన్నీ చేరాయా అనే తనిఖీలు ముగిశాకే అసలు నామం ఇవ్వాలి. చివరి తనిఖీకి కోర్‌బూట్‌తో వచ్చే ‘సీబీఎఫ్ఎస్ టూల్’ ఉపకరిస్తుంది. ఇమేజిలోపల ఏ భాగం ఏ స్థానంలో, ఎంత పరిమాణంలో ఉందో అది జాబితాగా చూపుతుంది. ఈ పద్ధతిలో నిర్మాణం మధ్యలో ఆగితే అసలు నామంతో ఏ ఫైలూ ఉండదు. పాత ఇమేజి పరీక్షకు చేరదు.

4.4. పొరపాటు వద్ద ఆగడం: షెల్ స్క్రిప్టులో ఒక ఆదేశం విఫలమైనా తరువాతి ఆదేశం నడవడం దాని సహజ స్వభావం. మొదటి తప్పు వద్దనే ఆగాలనీ, విలువ లేని చరరాశి ఎదురైతే ఆగాలనీ స్క్రిప్టు ఆరంభంలోనే ఆదేశించాలి. ఇంకొక సూక్ష్మం ఉంది. నిర్మాణపు మాటలను తెరపైనా, ఫైలులోనూ చూడడానికి ‘మేక్’ ఫలితాన్ని గొట్టం ద్వారా ‘టీ’ అనే ఆదేశానికి పంపడం వాడుక. అలాంటి వరుసలో షెల్ చివరి ఆదేశపు ఫలితాన్నే లెక్కలోకి తీసుకుంటుంది. ‘మేక్’ విఫలమైనా ‘టీ’ సఫలమైంది కనుక అంతా సఫలమే అంటుంది. ‘పైప్‌ఫెయిల్’ అనే అమరికను చేర్చినప్పుడే వరుసలోని ఏ వైఫల్యమైనా బయటపడుతుంది.

5. పునర్నిర్మాణ యోగ్యత

స్క్రిప్టు సరిగా ఉందనడానికి ప్రమాణం ఏమిటి? ఒకే స్క్రిప్టును రెండు వేర్వేరు సంచయాలలో, వీలైతే రెండు వేర్వేరు కంప్యూటర్లలో నడిపినప్పుడు వచ్చిన ఇమేజిలు బైటు బైటుకూ ఒకటి కావాలి. వాటి ఎస్‌హెచ్‌ఏ-256 సంఖ్యలను పోల్చితే ఈ విషయం క్షణంలో తెలుస్తుంది. ఒక్క బిట్టు మారినా ఆ సంఖ్య మారిపోతుంది.

తెలుగు పరిశోధకులకు ఈ పద్ధతి కొత్తది కాదు. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ కడపలో పండితులను నియమించి, ఒకే కావ్యానికి చెందిన పలు తాళపత్ర ప్రతులను సరిపోల్చి శుద్ధప్రతులు సిద్ధం చేయించారు. ప్రతికీ ప్రతికీ తేడా కనబడిన చోట అది లేఖక దోషమా, భిన్న పాఠమా అని పరిష్కర్త నిర్ణయించాలి. రెండు ఇమేజిల మధ్య తేడా కనబడిన చోట కూడా ఇదే ప్రశ్న తలెత్తుతుంది. భేదమల్లా ఒక్కటే. కావ్య పరిష్కర్తకు మూలప్రతి తరచుగా లభించదు. అతడు ఊహతో దానిని చేరుకోవాలి. ఫర్మ్‌వేర్ నిర్మాతకు మూలం చేతిలోనే ఉంది. కనుక అతనికి పాఠభేదం క్షమించదగినది కాదు.

ఈ భేదాలకు ముఖ్యమైన కారణం కాలం. నిర్మాణం జరిగిన తేదీని, గంటను, కొన్నిసార్లు కంప్యూటరు నామాన్ని ఇమేజిలో చేర్చడం పనిముట్ల అలవాటు. ఫ్యాట్ తరహా డిస్కును సిద్ధపరిచే ఆదేశం కూడా, ప్రత్యేకంగా చెప్పకపోతే, గడియారం ఆధారంగానే డిస్కు సంఖ్యను కల్పిస్తుంది. వీటిని అదుపు చేయడానికి ఏర్పడిన ఒక సామాన్య ఒడంబడిక ‘సోర్స్ డేట్ ఎపక్’ అనే చరరాశి. అందులో ఇచ్చిన క్షణాన్నే, దానిని పాటించే పనిముట్లన్నీ నిర్మాణకాలంగా స్వీకరిస్తాయి. కోర్‌బూట్‌లో నిర్మాణకాలాన్ని తొలగించే ‘బిల్డ్ టైమ్‌లెస్’ అనే ప్రత్యేక అమరిక ఉంది. ఫ్యాట్ డిస్కు సంఖ్యను స్క్రిప్టులోనే నిర్దేశించాలి.

6. ఎమ్యులేటర్‌లో పరీక్ష

6.1. సాక్ష్యం: తెరపై బొమ్మ కనిపించిందని మనిషి చూసి చెప్పడం పరీక్ష కాదు. పరీక్షా డిస్కులోని ప్రోగ్రాము సీరియల్ పోర్టు ద్వారా ఒక నియమిత వాక్యాన్ని పంపాలి. క్యూఎము ఆ వాక్యాన్ని ఫైలులోకి రాస్తుంది. స్క్రిప్టు ఆ ఫైలులో వెతుకుతుంది. కోర్‌బూట్ సైతం తన నడకను సీరియల్ పోర్టు ద్వారా వివరిస్తూ, ఆరంభంలోనే తన రూపాంతర సంఖ్యను చెబుతుంది. ఆ సంఖ్యలో మూలపు గుర్తింపును చేర్చి, దానిని కూడా వెతికితే, మాట్లాడినది ఈ ఇమేజేనా, పాత ఇమేజా అనే సందేహం తీరుతుంది.

6.2. ముగింపు సంకేతం: షెల్ లోకంలో సున్నా అంటే విజయం. ఎమ్యులేటర్ పరీక్షలో ఈ సూత్రాన్ని గుడ్డిగా నమ్మరాదు. క్యూఎములో పరీక్షల కోసం ఉన్న ‘డీబగ్ ఎగ్జిట్’ అనే కల్పిత పరికరానికి ప్రోగ్రాము ఒక సంఖ్యను పంపితే, క్యూఎము దానిని రెట్టించి ఒకటి కలిపి, ఆ విలువతో ముగుస్తుంది. 16 పంపితే 33, 17 పంపితే 35 వస్తాయి. ఏ సంఖ్య పంపినా సున్నా మాత్రం రాదు. మరి సున్నా ఎప్పుడు వస్తుంది? తిరిగి ప్రారంభం కావద్దని క్యూఎమును ఆదేశించినప్పుడు, లోపలి ప్రోగ్రాము కుప్పకూలి యంత్రం తనంతట తాను తిరిగి మొదలుకాబోతే, క్యూఎము మౌనంగా సున్నాతో ముగుస్తుంది. అంటే ఇక్కడ సున్నా కుప్పకూలడానికి గుర్తు కావచ్చు. కాబట్టి 33 వచ్చి, నియమిత వాక్యం కూడా దొరికితేనే విజయమనీ, సున్నాతో సహా మిగిలినవన్నీ వైఫల్యాలనీ స్క్రిప్టు నిర్ణయించాలి. ఈ కల్పిత పరికరం నిజమైన బోర్డుపై ఉండదు. అందుకే దానిని తాకే ఆదేశాలు పరీక్షా డిస్కులోనే ఉండాలి గాని ఫర్మ్‌వేర్‌లో కాదు.

6.3. గడువు: బూటు కాని యంత్రం చాలాసార్లు కుప్పకూలదు, ఎదురుచూస్తూ ఉండిపోతుంది. అందుచేత ‘టైమౌట్’ ఆదేశం ద్వారా పరీక్షకు గడువు విధించాలి. గడువు దాటితే ఆ ఆదేశం 124 విలువతో ముగుస్తుంది. దానిని ‘స్పందన లేదు’ అని ప్రత్యేకంగా నమోదు చేస్తే దోషాన్వేషణ సులభమవుతుంది.

6.4. ప్రతి పరీక్షకూ శుభ్రమైన ఆరంభం: పరీక్షలో డిస్కుకు జరిగిన మార్పులు తరువాతి పరీక్షకు సోకరాదు. క్యూఎములోని ‘స్నాప్‌షాట్’ అమరిక ఆ మార్పులను తాత్కాలిక ఫైలుకు మళ్లిస్తుంది. యూఈఎఫ్ఐ తరహా ఫర్మ్‌వేర్‌ను పరీక్షించేటప్పుడు, అది తన ఎంపికలను రాసుకునే చరరాశుల ఫైలుకు కూడా ప్రతిసారీ కొత్త నకలు ఇవ్వాలి.

6.5. వ్యతిరేక పరీక్ష: పరీక్షనే పరీక్షించడం దీని ఉద్దేశం. డిస్కు ఇమేజిలోని 511వ బైటును ఉద్దేశపూర్వకంగా 170 నుంచి సున్నాకు మార్చి, అదే పరీక్షను మళ్లీ నడపాలి. ఇప్పుడు అది విఫలం కావాలి. విఫలం కాకపోతే లోపం ఇమేజిలో లేదు, పరీక్షలో ఉంది. తప్పును తప్పు అనలేని పరీక్ష ఒప్పును ఒప్పు అన్నా విలువ లేదు.

7. ఎమ్యులేటర్ పరిమితులు

ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా ఎమ్యులేటర్ నిజమైన బోర్డు కాదు. నిజమైన బోర్డుపై జ్ఞాపకం మేల్కొన్న వెంటనే పనిచేయదు. దాని కాలవ్యవధులను సరిచేసి సిద్ధపరచడం ఫర్మ్‌వేర్ చేసే అత్యంత కఠినమైన పనులలో ఒకటి. అంతవరకు ప్రాసెసరులోని క్యాషేనే తాత్కాలిక జ్ఞాపకంగా వాడుకుంటుంది. క్యూఎములో జ్ఞాపకం మొదటి క్షణం నుంచే సిద్ధంగా ఉంటుంది. కనుక ఆ భాగం అక్కడ పరీక్షకు నిలవదు.

మరొక తేడా: క్యూఎము ఇచ్చే జ్ఞాపకం ఆరంభంలో సున్నాలతో నిండి ఉంటుంది. నిజమైన చిప్పులలో అప్పుడు ఏ విలువలుంటాయో చెప్పలేము. విలువ ఇవ్వడం మరచిన చరరాశి క్యూఎములో సున్నాగా కనబడి సక్రమంగా నడుస్తుంది. బోర్డుపై అర్థంలేని విలువతో దారి తప్పుతుంది. అదే విధంగా, ఆదేశాలను అనువదించి నడిపే పద్ధతిలో క్యూఎము క్యాషేల ప్రవర్తనను అనుకరించదు. పరికరాల కాలవ్యవధులూ యథాతథంగా ఉండవు.

అందువల్ల ఎమ్యులేటర్ విజయాన్ని ‘ఇమేజి కూర్పు సరిగా ఉంది, బూటు క్రమం తర్కబద్ధంగా ఉంది’ అనే అర్థంలోనే గ్రహించాలి. ‘బోర్డు మేల్కొంటుంది’ అనే హామీగా గ్రహించరాదు. పైగా క్యూ35 కోసం నిర్మించిన ఇమేజి, నిజమైన బోర్డు కోసం నిర్మించిన ఇమేజి ఒకటి కావు. రెండింటికీ ఉమ్మడి భాగాల మేరకే ఒకదాని సాక్ష్యం మరొకదానికి చెల్లుతుంది. బోర్డుపై ఎక్కించే ముందు చిప్పులోని పాత ఇమేజిని చదివి భద్రపరచడం, దానిని రెండుసార్లు చదివి రెండూ ఒకటేనని పోల్చుకోవడం తప్పనిసరి.

8. ముగింపు

పై పరిశీలన వల్ల కింది అంశాలు స్పష్టమవుతున్నాయి.

1. ఫర్మ్‌వేర్ దోషం యంత్రాన్నే మూగబరుస్తుంది కనుక, పరీక్ష చిప్పుకు వెలుపల జరగాలి.

2. ఇమేజి ఎలా పుట్టిందో చెప్పగల లిఖిత సాక్ష్యం నిర్మాణ స్క్రిప్టు. మూలాలను, పనిముట్లను, అమరికను స్థిరపరచనిదే ఆ సాక్ష్యం నిలవదు.

3. రెండు నిర్మాణాలు బైటు బైటుకూ ఒకటి కావడం స్క్రిప్టు శుద్ధికి ప్రమాణం.

4. మిగిలిపోయిన పాత ఇమేజి, గొట్టం వెనుక దాగిన వైఫల్యం, సున్నాతో ముగిసిన కుప్పకూలుడు, సున్నాలతో నిండిన జ్ఞాపకం - ఇవన్నీ తప్పుడు విజయానికి దారులు. వీటిలో మొదటి మూడింటిని స్క్రిప్టు మూసివేయగలదు. నాలుగవది ఎమ్యులేటర్ స్వభావంలోనే ఉంది. దానిని గుర్తెరిగి మెలగడమే మార్గం.

5. వ్యతిరేక పరీక్షలో ఓడిపోవడం తెలిసిన స్క్రిప్టు మాత్రమే, గెలిచానని చెప్పినప్పుడు నమ్మదగినది.